మాట్లాడని పిండి

తెల్లారేసరికి ఆ బేకరీలో పిండి కలపడం అయిపోవాలి. కోడలు మైదా జల్లించి, ఈస్ట్ కరిగిన గోరువెచ్చని నీళ్ళు పోసి, మోచేతుల దాకా తొట్టిలో ముంచి పిసుకుతుంది. మొగుడు ఓవెన్ వెలిగిస్తాడు, ట్రేలకి నూనె రాస్తాడు, అందరికీ అని టీ పెట్టి సగం పైగా తనే తాగేస్తాడు. అత్తగారికి చూపు బాగా మందగించింది. అయినా గోడ పక్కన స్టూలు వేసుకుని బన్నులకి ముద్దలు చేస్తుంది, తూకం వేసి చూసినా వాటిలో తేడా దొరకదు. ఆడపడుచుది కౌంటర్. భర్త పోయాక పాపని చంకనేసుకుని పుట్టింటికొచ్చి, మూతపడబోతున్న షాపుని నిలబెట్టిన మనిషి ఆవిడ. ఇంట్లో ఆవిడ మాటకి ఎదురు లేదు. ఎదురు చెప్పాలని ఎవరికైనా అనిపించినా, చెప్పేంత గుండె ఎవరికీ లేదు.

కలిపిన పిండి మీద తడిబట్ట కప్పి కౌంటర్ వెనకాల బల్ల మీద పెడతారు. అక్కడే కాస్త వెచ్చగా ఉంటుంది. కాసేపటికి పిండి పొంగుతుంది, పొంగుతూ మాట్లాడుతుంది. ఎవరు కలిపితే వాళ్ళ గొంతుతోనే. పెద్ద విషయాలేమీ కాదు. నడుం లాగేస్తోందనీ, చెప్పు తెగింది కుట్టించాలనీ, రాత్రి దోమలు చంపేశాయనీ. పొద్దున్నే బ్రెడ్డు కోసం వచ్చినవాళ్ళు వింటారు, బాగుంటే నవ్వుతారు, లేకపోతే చిల్లర కోసం చెయ్యి చాపుతారు.

ఎందుకు మాట్లాడుతుందో కూడా తెలియనివాళ్ళు లేరు. మనిషి ఒంటిని అంటిపెట్టుకుని కంటికి కనపడని ప్రాణులు కోట్లకొద్దీ కాపురం ఉంటాయి. చర్మం మీద కొన్ని, నోట్లో కొన్ని, పేగుల్లో అయితే ఇక చెప్పక్కర్లేదు, సంతే. చాలావాటితో మనకి ఏ పేచీ లేదు. మన చెమటతో, రాలిన తోలుతో పొట్ట పోసుకుని, ఉన్న జాగా అంతా ఆక్రమించుకుని, కొత్తవాళ్ళు వస్తే చోటు లేదు పొమ్మంటాయి. అవే పిండిలో పడితే తిండీ వెచ్చదనమూ దొరికి, తీరిగ్గా కబుర్లకి దిగుతాయి. రోగం తెచ్చేవి అలా కాదు. అవి నోరు విప్పవు, వచ్చిన పని చూసుకుంటాయి.

ఆ రోజు షాపు కిటకిటలాడుతోంది. పాప చదివే నర్సరీ స్కూలు టీచరమ్మ కూడా బ్రెడ్డు చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. బట్ట కింద పిండి, కోడలి గొంతుతో, వద్దన్నా వినపడేంత స్పష్టంగా అంది: "ముక్కు తుడిచాను. చెయ్యి ఏప్రన్‌కే తుడుచుకున్నాను."

టీచరమ్మ బ్రెడ్డుని మెల్లగా అరలో పెట్టేసింది. ఆవిడ వెనకాల ఉన్నవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

తుడిచిన ముక్కు ఎవరిదో ఆడపడుచుకి తెలుసు. తన కూతురిదే. పాపకి జలుబు చేసి ధారగా కారుతుంటే, తల్లి కౌంటర్ దగ్గర్నుంచి కదలదు కాబట్టి, పని మధ్యలో లేచి కోడలే తుడిచింది. "నా కూతురిదే లెండి" అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. కానీ అందరూ తనవైపే చూస్తుంటే ఆవిడకి ఆ ముక్క నోటికి రాలేదు. లోపలికి తిరిగి, అందరికీ వినపడేలా, "చేతులు కడుక్కోవడం కూడా నేనే నేర్పాలా నీకు?" అంది.

కోడలు తొట్టి దగ్గరే ఉంది. భూమి చీలి మింగేస్తే బాగుండుననిపించింది ఆమెకి. తన చేతుల్ని తనే అసహ్యించుకుంది. ఆ పూట అన్నం కూడా చెంచాతోనే తింది.

మర్నాటి నుంచీ సబ్బు సరిపోలేదు. నేల కడిగే బ్లీచింగ్ నీళ్ళు తెచ్చుకుని, ట్రేలు రుద్దే బ్రష్షుతో మోచేతుల దాకా రుద్దుకోవడం మొదలెట్టింది. పనికి ముందు, పని తర్వాత, మధ్యలో గుర్తొచ్చినప్పుడల్లా. గుర్తు రాని క్షణమంటూ ఉంటే కదా. పిండి కబుర్లు తగ్గాయి. తర్వాత గొణుగుడే మిగిలింది. ఒక పొద్దున బట్ట కింద ఏ చప్పుడూ లేదు. ఈస్ట్ పని ఈస్ట్ చేస్తోంది, పిండి పొంగుతోంది, కానీ మూగది.

"ఇప్పుడు బాగుపడ్డావు," అంది ఆడపడుచు. కాపురానికొచ్చాక ఆవిడ నోట ఆమె విన్న మొదటి మెప్పు అదే. పిచ్చిది, దానికే పొంగిపోయింది. టీచరమ్మ మళ్ళీ రావడం మొదలెట్టింది. మాట్లాడని బ్రెడ్డు అంటే శుభ్రమైన బ్రెడ్డని ఊళ్ళో పేరొచ్చింది.

ఈలోగా చేతులు బీటలు వారాయి. కుడిచేతి చూపుడువేలికి గోరుచుట్టు లేచింది. రాత్రిళ్ళు సలుపుతుంటే పళ్ళ బిగువున పడుకునేది. పగలు ప్లాస్టర్ చుట్టి పని చేసేది. మొగుడికి కూడా చెప్పలేదు. ఆడపడుచు చేత ఆ మాట ఇంకోసారి పడటం కంటే వేలు పోయినా ఫరవాలేదనుకుంది. సిగ్గు అలాంటిది, మనిషికి ఉన్న కాస్త బుద్ధినీ ముందు అదే తినేస్తుంది.

నర్సరీ స్కూలు వార్షికోత్సవానికి క్రీమ్ బన్నులు కావాలని టీచరమ్మే స్వయంగా వచ్చి చెప్పి వెళ్ళింది. ఆ రోజు కోడలు బన్నులు కోసి, ఒక్కొక్కదాన్లో క్రీము నింపుతోంది. సగం దాటాక ప్లాస్టర్ జారింది. చూస్తే వేలి చివర తడిగా, పచ్చగా చీము. గాయం ఉన్న చేత్తో క్రీము ముట్టుకోకూడదని ఆ ఇంట్లో పాపకి కూడా తెలుసు. ఆమె అటూ ఇటూ చూసింది. కొత్త ప్లాస్టర్ చుట్టుకుంది. మిగతావి కూడా నింపేసింది. నాకు ఆమె మీద ఎంత జాలి ఉన్నా, ఇక్కడ మాత్రం రెండు తగిలించాలనిపిస్తుంది.

అత్తగారు ముద్దలు చేయడానికి పొద్దున కలిపిన పిండి దగ్గరికి తడుముకుంటూ వెళ్ళింది. బట్ట తీసి, పసిపిల్ల గుండె మీద చెవి పెట్టినట్టు పెట్టి విన్నది. చాలాసేపు అలాగే ఉండి కోడల్ని పిలిచింది.

"అమ్మాయ్, నీ చేతుల్లో ఎవరూ లేరా?"

"శుభ్రంగా ఉన్నాయి కదా అత్తయ్యా," అంది కోడలు.

ముసలావిడ ఆమె కుడిచెయ్యి అందుకుని వేళ్ళన్నీ తడిమింది. ప్లాస్టర్ దగ్గర ఆగింది. దాని కింద వేలు కాలిపోతోంది. "ఉన్నారు," అంది. "పలకనివాళ్ళు ఉన్నారు." చెయ్యి వదిలేసి, స్టూలు మీద కూర్చుని ముద్దలు చేసుకోసాగింది. ఎవరికీ చెప్పలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే కోడలికి ఇంకాస్త తేలిగ్గా ఉండేది.

అట్టపెట్టెలు కౌంటర్ మీదికి చేరాయి. స్కూలు వ్యాన్ డ్రైవరు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. పాప ముస్తాబై వచ్చి, స్కూల్లో అందరికీ ఇచ్చేదాకా ఆగలేను, నాకొకటి ఇప్పుడే కావాలని తల్లి ప్రాణం తీస్తోంది. ఆడపడుచు విసుక్కుంటూనే పెట్టె తెరిచి ఒక బన్ను తీసి చేతిలో పెట్టింది. పాప నోరు తెరిచింది.

"తిననివ్వకండి వదినా."

కోడలు లోపల్నుంచి వచ్చి అందరి ముందూ ప్లాస్టర్ ఊడదీసింది. వేలు చూపించింది. "ఈ చేత్తోనే నింపాను," అంది. "అన్నీ."

ఆడపడుచు కూతురి చేతిలోంచి బన్ను లాక్కుంది. పాప గోల గోల. వ్యాన్ డ్రైవరు ఆ వేలి వంకా, పెట్టెల వంకా చూసి, ఖాళీ వ్యానుతోనే వెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికల్లా ఊరంతా తెలిసింది. బన్నులన్నీ వెనకాల గోతిలో పోసి మట్టి కప్పాడు మొగుడు. కోడలు మొహం ఎత్తలేకపోయింది.

ఆసుపత్రికి ఆడపడుచే తీసుకెళ్ళింది. డాక్టరు గోరుచుట్టు కోసి చీము తీసి, చేతులు రెండూ తిప్పి చూసి, దేనితో కడుగుతున్నావమ్మా అని అడిగాడు. చెప్పింది. ఆయన తల పట్టుకున్నాడు.

"ఈ క్రిమి చాలామంది ముక్కుల్లో ఊరికే కూర్చుని ఉంటుంది, ఏమీ చెయ్యదు," అన్నాడు. "పగిలిన గోడా, ఖాళీ ఇల్లూ దొరికితే మాత్రం దొంగే. క్రీములో పడిందా, విషం వదులుతుంది, తర్వాత ఎంత వేడి చేసినా ఆ విషం పోదు. నీ చేతుల మీద ఎన్నాళ్ళనుంచో ఉన్న మంచివాళ్ళని నువ్వే తరిమేసి, దానికి తలుపు తీశావు. ఎవరు చెప్పారు ఇలా కడగమని?"

"ఎవరూ చెప్పలేదండి," అంది కోడలు. "నాకే అనిపించింది."

ఆడపడుచు మూలనున్న బరువు చూసే మిషన్ వంక చూస్తూ ఉండిపోయింది.

పిండి కలపడం మొగుడికి పడింది, కట్టు మార్చడం ఆవిడకే పడింది. అత్తగారికి కళ్ళు కనపడవు, మొగుడు చీము చూస్తే కళ్ళు తిరిగి పడిపోయే రకం. రోజూ ఆవిడే ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, కడిగి, మందు రాసి, కట్టేది. వేలు మానింది. మానాక ఆడపడుచు తమ్ముణ్ణి పిలిచి, కొన్నాళ్ళు పుట్టింట్లో ఉండి రమ్మను, జనం కాస్త మర్చిపోవాలి అంది. ఎన్నాళ్ళో చెప్పలేదు. వాడు అవుననీ అనలేదు, కాదనీ అనలేదు, టీ తాగాడు. కోడలు విని బట్టలు సర్దుకుంది. ఆ కొన్నాళ్ళకి అంతుండదని ఆమెకి అర్థమైంది. తనకి అదే సరైన శిక్ష అని కూడా అనుకుంది.

బయల్దేరే రోజు మొగుడు బండి తేవడానికి వెళ్తే, పిండి ఆడపడుచు కలిపింది. ఆవిడ తొట్టిలో చెయ్యి పెట్టడం అదే మొదటిసారి. ఇన్నేళ్ళూ మణికట్టు నొప్పనేది. తడిబట్ట కప్పి కౌంటర్ వెనక పెట్టి కూర్చుంది. జనం వచ్చారు, టీచరమ్మా వచ్చింది. కోడలు బ్యాగు పట్టుకుని గుమ్మం దాకా వచ్చేసరికి పిండి పొంగింది.

"ముక్కు కారింది నా కూతురికి," అంది పిండి ఆడపడుచు గొంతుతో. "ఆ మాట నేను చెప్పలేదు. నాకు సిగ్గుగా ఉంది. మరదలి చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోతున్నాను. అది కళ్ళెదుట ఉంటే తట్టుకోలేను. అందుకే పంపించేస్తున్నాను."

ఆడపడుచు చేతిలో ఎవరికో ఇవ్వాల్సిన చిల్లర అలాగే ఉండిపోయింది. లేచి ఇంకో బట్ట కప్పింది. దాని మీద ఇంకోటి కప్పింది. కిందనుంచి అదే గొంతు, సిగ్గుగా ఉంది, సిగ్గుగా ఉంది అంటూనే ఉంది. జనం బిస్కెట్ల సీసాలు చూస్తున్నట్టు నటించారు. ఆవిడ మొహం కందిపోయింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఎటు చూడాలో తెలియలేదు.

పదిమందిలో అలా నిలబడటం ఎలా ఉంటుందో కోడలికి తెలుసు. బ్యాగు కింద పెట్టింది. మామూలు సబ్బుతో, మామూలు నీళ్ళతో చేతులు కడుక్కుని, తుడుచుకుని వచ్చింది. పైన కప్పినవన్నీ తీసేసి, పొంగిన పిండిలోకి రెండు పిడికిళ్ళూ దించింది. పిండి బుస్సుమని అణిగి, నోరు మూసుకుంది. ఆమె పిసుకుతూనే ఉంది. ఆడపడుచు చేతులు కడుక్కుని, తొట్టికి అటువైపు వచ్చి నిలబడి తనూ చెయ్యి వేసింది.

మళ్ళీ పొంగేసరికి ఎండ గుమ్మంలోకి వచ్చింది. పిండి ఇంకా సిగ్గుగా ఉందనే అంటోంది, కానీ గొంతు మాత్రం ఎవరిదో పోల్చుకోవడానికి లేదు. టీచరమ్మ వెళ్ళకుండా అక్కడే ఉంది. చెవి రిక్కించి విని, ఇవాళ పిండి ఎవరు కలిపారని అడిగింది.

"ఇద్దరం," అంది ఆడపడుచు.