అద్దంలో తోడేలు

సెలూన్‌లో పెద్దాయనకి ఉన్న ఉద్యోగం ఒక్కటే. కొడుకు కత్తెర ఆడిస్తున్నంతసేపూ కుర్చీలో పిల్లలు తల కదపకుండా బొమ్మల పుస్తకం చూపించి కథ చెప్పడం. జీతం లేదు, కబుర్లు మాత్రం బోలెడు. పుస్తకంలోది ఏనాటిదో తోడేలు, మేకపిల్ల కథ. చిక్కల్లా నడిమి పేజీలతోనే. ఎడమ పేజీలో తోడేలు ఎదుట మేకపిల్ల. కుడి పేజీలో తోడేలు ఒక్కటే, పొట్ట గుమ్మడికాయంత. చివర్లో మేకపిల్ల బయటపడుతుంది గానీ, అంతదాకా వినే ఓపిక ఏడ్చేవాళ్లకెక్కడిది?

"నాన్నా, ఇంకొక్కరు ఏడిస్తే పుస్తకం అటక మీదకి, నువ్వు ఇంటికి," అన్నాడు కొడుకు.

"నన్నే అటకెక్కించి పుస్తకాన్ని ఇంటికి పంపరా. అది నోరెత్తదు, కోడలికి సుఖం."

నవ్వాడే గానీ, రోజంతా గోడలకి కథలు చెప్పుకోవాలంటే ఆయనకి గుండె జారింది.

అంతలో ఒకావిడ తన బుడ్డదాన్ని తీసుకొచ్చింది. కుర్చీ చేతుల మీద అడ్డంగా చెక్క వేసి కూర్చోబెట్టారు. ఎదురుగా నిలబడితే కత్తెరకి అడ్డమని కొడుకు కసిరాడు. పెద్దాయన కుర్చీ వెనక్కి పోయి, పుస్తకాన్ని అద్దంకేసి తిప్పి పట్టుకున్నాడు.

"ఈ తోడేలు తుమ్మిందంటే కొండరాళ్లు దొర్లిపోయి ఏటికి ఆనకట్ట పడేదమ్మా."

"అబద్ధం," అంది బుడ్డది, తల కదపకుండానే.

"అబద్ధమైతే ఏట్లో నీళ్లేవీ మరి?"

నడిమి పేజీలొచ్చాయి. కత్తెర ఆగింది. బుడ్డది ఈ చివరనుంచి ఆ చివరకి చూసి, కిలకిలా నవ్వింది.

"కక్కేసింది!"

పెద్దాయన అద్దంలోకి చూశాడు. బొమ్మలు అటూ ఇటూ మారిపోయి, పొట్ట ఉబ్బిన తోడేలు ముందుంది, నిక్షేపంలాంటి మేకపిల్ల తర్వాత.

"కక్కదూ మరి? అది ఉప్పుమూటలు నమిలొచ్చిన మేకపిల్లాయె!" అని అందుకున్నాడు.

క్షవరం అయింది. కుర్చీ దిగీ దిగగానే బుడ్డది పుస్తకం లాక్కుని అదే పేజీ తీసింది. ముందు మేకపిల్ల, తర్వాత పొట్ట. కింది పెదవి వంకర తిరిగింది. పెద్దాయన గుమ్మంలో విడిచిన తన చెప్పులకేసి చూశాడు.

బుడ్డది పుస్తకాన్ని అద్దానికి చూపించింది. మళ్లీ తనవైపు తిప్పుకుంది. మళ్లీ అద్దానికి చూపించింది.

"తాతా, నీ పుస్తకం తప్పు. అద్దంలోదే రైటు," అని తీర్పు చెప్పి తల్లి చెయ్యి పట్టుకుంది.

కొడుకు తువ్వాలు దులుపుతూ, "రేపట్నుంచి ఈ అద్దం నువ్వే తుడవాలి నాన్నా," అన్నాడు.

"చూశావా, పని పెరిగింది. జీతం మాత్రం అదే," అన్నాడు పెద్దాయన, పుస్తకాన్ని చంకలో పెట్టుకుంటూ.