పదిహేడో క్రోమోజోమ్ కోడలు

"మోహనా, వానికి చెప్పు, బెల్లం బండ్లు ఏడుకే వస్తాయంట, బిన్నా రమ్మని."

మామగారు మునిరామయ్య ఈ రాజాజ్ఞను వెలువరించే వేళకు 'వాడు', అంటే ఆయన ఏకైక పుత్రుడూ నా భర్తా అయిన యోగానంద, బారెడు దూరంలోనే కూర్చుని సంగటి ముద్దను ఊరిబిండిలో అద్దుకుంటున్నాడు. మధ్యలో గరిటెతో నేను. యోగానందకు చెవుడు లేదు. అయినా ఆ వాక్యం నా నోటి మీదుగా ప్రయాణించేదాకా అతని చెవులకు తలుపులు తెరుచుకోవు. నేను చెప్పాను. అప్పుడే విన్నట్టు తల పంకించి, "వస్తానని చెప్పు" అన్నాడు. నేను ఇటు తిరిగి, "వస్తారంట మామా" అన్నాను. ఆరు అడుగుల రాయబారం ముగిసింది.

చిత్తూరులో మాది బెల్లం మండీ. ఐదేళ్ళ కిందట, తాతల నాటి తరాజును తీయించి యోగానంద అడగకుండా ఎలక్ట్రానిక్ కాటా పెట్టించాడు. మామగారు కాణిపాకం వెళ్ళి, తలస్నానం చేసి, తడిబట్టలతో వరసిద్ధి వినాయకుని ఎదుట నిలబడి, ఇక ఈ జన్మలో కొడుకుతో మాట కలపనని ప్రమాణం చేసి వచ్చారు. తండ్రికి తీసిపోని కొడుకు మరుసటి వారమే వెళ్ళి అదే ప్రమాణం చేశాడు. కాణిపాకంలో వేసిన ఒట్టు తప్పితే ఏమవుతుందో మా జిల్లాలో ఎవరూ పరీక్షించి చూడరు. ఆ విధంగా ఇద్దరు మహాపురుషులూ తమ తమ సత్యాన్ని నిలుపుకున్నారు. ఆ సత్యం నిలబడడానికి కావలసిన నడక మాత్రం ఇంటి ఆడవాళ్ళ వంతయింది. మొదటి ఏడాది అత్త మునెమ్మ మోసింది. నేను కాపురానికి వచ్చిన మూడో రోజున బీరువా తాళాలు తన దగ్గరే ఉంచుకుని ఈ పని మాత్రం నాకు అప్పగించింది. "నా గొంతు అరిగిపోయినాదమ్మే. ఇంక నువ్వు సూసుకో."

మోయడం అంటే ఉన్నదాన్ని ఉన్నట్టు మోయడం కాదు. "ఆ ముసలాయనకు బుద్ధి యాడుండాదో అడుగు" అన్నది నా దగ్గర బయలుదేరి, "ఇంకొకసారి ఆలోచించమంటున్నారు మామా" అయి చేరేది. "వాడు నా కడుపున యాల పుట్నాడో" అన్నది, "జాగ్రత్తగా చూసుకోమంటున్నారు" అయ్యేది. నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ తిట్టలేదు. తిట్లన్నీ నా దగ్గరే నిలవ ఉన్నాయి.

ఇంత అనుభవం గల దానిని గనుక తిరుపతిలో నా పరిశోధన వేరే దేని మీద సాగుతుంది? మనిషి పదిహేడో క్రోమోజోమ్ మీద ఒక జన్యువు ఉంది. జి.ఆర్.బి.2 అంటారు. అది రాయించే ప్రోటీన్ రెండువందల పదిహేడు అమైనో ఆమ్లాల చిన్న ప్రాణి. పెరగమన్న కబురు బయటినుంచి వచ్చి కణం గోడ మీది గ్రాహకానికి తగులుతుంది. ఆ కబురును నెరవేర్చవలసిన ప్రోటీన్ లోపల, జానెడు దూరంలో కాదు, జానెడులో కోటోవంతు దూరంలో ఉండి కూడా, ఉలకదు పలకదు. ఈ చిన్నది ఒక చేత్తో గ్రాహకాన్నీ మిగిలిన రెండు చేతులతో ఆ పెద్దమనిషినీ పట్టుకుంటేనే కబురు ముందుకు సాగుతుంది. దీనికి అడాప్టర్ ప్రోటీన్ అని పేరు.

"అది ఏం పని సేస్తాది?" అని యోగానంద ఒకసారి అడిగాడు.

"సొంతంగా ఏమీ చేయదు. చేసేవాళ్ళను కలుపుతుంది."

"ఏమీ సేయనిదానికి ఆరేండ్ల సదువా! ఎవురన్నా ఇంటే నగుతారు."

మా ప్రొఫెసర్ గోవిందయ్యగారు మాత్రం నవ్వరు. అతిథులు వస్తే, "మోహన మా ల్యాబుకు ఇల్లాలు" అని గంభీరంగా పరిచయం చేసి, నాకు కాఫీలు పురమాయిస్తారు.

ఈ సంగటి పూట రాయబారం నడిచింది మంగళవారం. మరునాడే నా పీహెచ్‌డీ వైవా. పరీక్షకుడు బెంగళూరు నుంచి రావాలి. తేదీ మూడుసార్లు మారింది. నెలాఖరుతో నా గడువు ముగుస్తుంది. ఇది తప్పితే ఆరేళ్ళు అటకెక్కినట్టే. సరిగ్గా ఆ రోజే వేలూరు వర్తకులు ఏడాది బేరం కుదుర్చుకోవడానికి మా ఇంటికి భోజనానికి వస్తున్నారు. వాళ్ళ ముందు తండ్రీకొడుకులు ఒక్కమాట మీద ఉన్నట్టు కనిపించాలి. ఆ ఒక్కమాట ఎవరి నోట్లో ఉందో ఇద్దరికీ తెలుసు.

మామగారు చెయ్యి కడుక్కుంటూ అన్నారు.

"మోహనా, వానికి చెప్పు, రేపు వాని పెండ్లాన్ని తిరపతికి పంపొద్దని."

ఆ పెండ్లాన్ని నేనే. కోడలిని మామ నేరుగా అదుపు చేయడం మా ఇంటి మర్యాద కాదు, ఆ అధికారం మగనిది. మగడేమో, నా చదువుకు అడ్డం రానని పెళ్ళికి ముందు మా నాయనకు మాట ఇచ్చి ఉన్నాడు. తండ్రి ఆజ్ఞగా చేరితే తన చేతికి మరక అంటదని, వేళ్ళు నాకుతూ కాచుకుని ఉన్నాడు. నా నిషేధాన్ని నేనే నెత్తిన పెట్టుకుని అటు చేరవేయాలి. మళ్ళీ అక్కడినుంచి అందుకుని తలవంచాలి.

"ఏమంటాండాడు మీ మామ?" అన్నాడు యోగానంద.

నేను గరిటె గిన్నెలో పెట్టాను.

"ఊరిబిండి బాగుందంటున్నారు."

మామగారికి పొలమారింది. కాదని ఖండించాలంటే కొడుకుతో మాట్లాడాలి. అసలు మాట విన్నానని కొడుకు చెప్పాలంటే, తండ్రి మాట నేరుగా చెవిన పడిందని ఒప్పుకోవాలి. ఇద్దరి గొంతుల మీదా వినాయకుడు కూర్చుని ఉన్నాడు. బయలుదేరిన ఆజ్ఞ చేరలేదు. చేరని ఆజ్ఞను ధిక్కరించడం ఎవరి తరమూ కాదు గనుక, నేను దేనినీ ధిక్కరించలేదు.

బుధవారం తెల్లారేసరికి చీర మార్చుకుని, థీసిస్ కాగితాల సంచి భుజాన వేసుకుని వసారాలోకి వచ్చాను. తండ్రీకొడుకులిద్దరూ ఒకేసారి లేచి, ఒకేసారి అత్త వైపు తిరిగారు.

"మునెమ్మా, నువ్వన్నా వానికి చెప్పు!"

"అమ్మా, నాయనకు నువ్వు చెప్పు!"

చింతపండు గింజలు తీస్తున్న మునెమ్మ తల ఎత్తలేదు. "నాకు గొంతు యాడుండాది? నాలుగేండ్ల కిందటే కోడలికిచ్చేస్తినే." ఆ పైన నాతో, "పో అమ్మే, బస్సు పోతాది. వంట నేను సూస్కుంటా" అంది.

వైవాలో పరీక్షకుడు నవ్వుతూ అడిగారు. "సొంతంగా ఏ పనీ చేయని ప్రోటీన్ గదమ్మా. అంత గొప్పేముంది?"

"దాని చేతిలో ఒక్క అమైనో ఆమ్లాన్ని మార్చి చూశాను సార్. అది గ్రాహకాన్ని వదిలేసింది. కబురు గుమ్మంలోనే ఆగింది. ఎలుకల్లో ఆ జన్యువునే తీసేసి చూసినవాళ్ళూ ఉన్నారు. పిండం కొద్దిరోజులకే ఆగిపోయింది. ఏ పనీ చేయదన్న పేరు, అది పని మానేసేదాకానే సార్."

గోవిందయ్యగారు అలవాటుగా కాఫీల కోసం నా వైపు చూశారు. నేను కూర్చునే ఉన్నాను. కాసేపటికి ఆయనే లేచి వెళ్ళారు. పరీక్షకుడు సంతకం చేశారు.

పొద్దు గుంకుతుండగా ఇల్లు చేరితే, మునెమ్మ గడప దగ్గరే పట్టుకుంది. "వాళ్ళొచ్చి అన్నాలు తినినారు. మీ మామ 'వానికి చెప్పండి' అంటాడు, వాడు 'ఆయనకు చెప్పండి' అంటాడు. పాపం వాళ్ళే నాలుగు తూర్లు మోసినారు. అయిదోతూరికి సెప్పులేసుకున్న్యారు. మీరూ మీరూ మాట్లాడుకోండి, మళ్ళొస్తామన్న్యారు." అత్త కళ్ళల్లో దీపావళి.

లోపల ఇద్దరూ తమ తమ స్థానాల్లో, బారెడు దూరంలో.

"మోహనా," అన్నారు మామగారు, ముఖం గంటు పెట్టుకుని, "వానికి చెప్పు..."

"మామా," అన్నాను. సంచి దించి, ఆయన ఎదురుగా, ఈసారి గరిటె లేకుండా కూర్చున్నాను. "నేను పాసైనాను. రేపు పొద్దున కాణిపాకం బస్సెక్కుతాను. మీరిద్దరూ నిలబడిన చోటే తడిబట్టలతో నిలబడి, ఇక ఈ జన్మలో ఒకరి మాట ఇంకొకరికి మోయనని ప్రమాణం చేసి వస్తాను."

ఇద్దరూ విన్నారు. యోగానంద అలవాటు చొప్పున తల ఎత్తి, మాట చేరడం కోసం నా వైపు చూశాడు.

"మామా, ఈ మాట మీ కొడుక్కి మీరే చెప్పండి."