మూడు గొర్రెల తీర్పు

ఆ రోజు భువనగిరి కోర్టు బోనులో తాను గుర్తులేక అట్లా చెప్పాడా, గుర్తుండే చెప్పాడా అన్నది చెన్నయ్యకు ఇరవై ఏళ్లుగా తేలలేదు. ప్రతి ఆదివారం తలకు పోసుకుని, మల్లన్న పటం ముందు నిలబడి, నుదుటికి బండారి పసుపు రాసుకునేటప్పుడు అదే అడిగేవాడు.

"స్వామీ, నాకైతే తెలుస్తలేదు. నీకు తెలుసు గద. జర చెప్పరాదు."

మల్లన్న చెప్పలేదు. దేవుడు చెప్పకపోవడం కోపమా, దయా అన్నది కూడా చెన్నయ్యకు అర్థం కాలేదు.

పొద్దుగూకేటప్పుడు మందను దొడ్డిలోకి తోలి, కంపతడిక పక్కన కూర్చుని, లోపలికి పోయే ఒక్కొక్క గొర్రె వీపు తట్టి లెక్కబెట్టడం అతనికి చిన్ననాటి నుంచి అలవాటు. ఆ లెక్కలో ఎప్పుడూ మూడు ఎక్కువ వచ్చేవి. అరవై నాలుగు ఉండాల్సిన చోట అరవై ఏడు. చెయ్యి కింద ఉన్ని తగిలేది, వెచ్చగా కూడా ఉండేది. మళ్లీ లెక్కబెడితే అరవై నాలుగే. ఏళ్ల తరబడి మందలో గొర్రెలు పెరిగాయి, తరిగాయి. ఎక్కువ వచ్చేవి మాత్రం మూడే. భార్య లీలమ్మ పట్టుబట్టి కండ్ల దవాఖానకు తీసుకుపోయి అద్దాలు ఇప్పించింది. అద్దాలు పెట్టుకున్నాక ఆ మూడు ఇంకా స్పష్టంగా లెక్కకు వచ్చాయి.

ఇదంతా తన ఇంట్లో, తన దొడ్డిలో ఉన్నంతకాలం ఎవరికీ తెలియలేదు. ఈ ఏడు ఆ కోర్టు కేసు టీవీలోకి ఎక్కింది.

మోత్కూర్ బస్టాండు దగ్గర సైదులు చాయ్ హోటల్లో చెన్నయ్య మొదట విన్నాడు. అప్పట్లో భువనగిరిలో మేజిస్ట్రేటుగా ఉన్న స్నేహలత మేడం ఇప్పుడు జిల్లా జడ్జి. ఆమె పేరును హైకోర్టు జడ్జి పదవికి సిఫారసు చేశారు. దాని మీద హోటల్ టీవీలో నలుగురు కూర్చుని వాదులాడుతున్నారు. ఆమె కష్టపడి పైకొచ్చింది, కేసులు నానబెట్టదు, లంచమన్న మాట ఆమె దగ్గర వినపడలేదు అని ఇద్దరు. సాయంత్రం కాలేజీలో చదివిన లా, పై కోర్టులో ఒక్కనాడు వాదించిన అనుభవం లేదు, పాత తీర్పులు చూస్తే భయమేస్తుంది అని ఇద్దరు.

"గొర్రె చెవి చూసి మనిషిని జైలుకు పంపిన జడ్జి అండీ ఈమె!" అని వాళ్లలో ఒకాయన తన చెవి తానే పట్టుకుని ఊపాడు.

హోటల్లో అందరూ నవ్వారు. చెన్నయ్య గ్లాసులో చాయ్ అట్లాగే ఉండిపోయింది.

ఆ చెవి సంగతి టీవీలో వాళ్లకు తెలియదు. ఇక్కడ మంద మేపేవాళ్లకు ఇంటికొక చెవిగుర్తు ఉంటుంది. పిల్ల పుట్టిన నెలలోపు చెవి కోస్తారు. చెన్నయ్య ఇంటి గుర్తు ఎడమ చెవికి కొస కోత, కుడి చెవికి వెనక గాటు. ఎన్ని మందలు కలిసినా ఆ గుర్తును బట్టే విడదీసుకుంటారు. ఇరవై ఏళ్ల కింద ఒక వానాకాలం అతని మందలో మూడు గొర్రెలు కనిపించలేదు. వాగవతల ఊరి కాటమయ్య మందలో ఆ గుర్తుతో మూడున్నాయని ఎవరో చెప్పారు. చెన్నయ్య పోయి చూశాడు, ఉన్నాయి. అడగాల్సింది. అడగలేదు. నేరుగా పోలీసుల దగ్గరికి పోయాడు.

కాటమయ్యను అతను చిన్నప్పటి నుంచి బావ అనే పిలిచేవాడు. చుట్టుపక్కల ఊళ్లలో అందరూ అందరికీ ఏదో ఒక వరస అవుతారు గనుక, ఈ బావ ఏ దారిన బావ అయ్యాడో ఎన్నడూ ఆలోచించలేదు. దొంగతనం జరిగిందనుకున్న ఆ ఏడే కాటమయ్య తన పొట్టేలును రెండు నెలలు చెన్నయ్య మందలో విడిచాడు. పొట్టేలు ఇచ్చినవారికి ఆ ఈతలో మొదట పుట్టిన ఆడ గొర్రెపిల్లను ఇవ్వడం ఆనవాయితీ. కేసు మధ్యలో పడి ఆ పిల్లను ఇవ్వనేలేదు.

కోర్టులో కాటమయ్య ఒక్కటే మాట చెప్పాడు. "అవి మా చిన్నమ్మ అరణం గొర్లు." పెళ్లినాడు ఆడపిల్ల వెంట పుట్టింటివాళ్లు తోలే గొర్రెలే అరణం. వాటి చెవిగుర్తు మార్చరు. వాటి కడుపున పుట్టినవాటికీ పుట్టింటి కోతే కోస్తారు. అది మారిస్తే పుట్టిల్లు తెగిపోయినట్టు.

మేడం అప్పుడు రాయడం ఆపింది. పెన్ను పైకెత్తి పట్టుకుని చెన్నయ్య వైపు తిరిగింది.

"మీ ఇంటి ఆడపిల్లలకు ఎవరికైనా ఈ గుర్తు గొర్రెలు అరణంగా ఇచ్చారా? తొందరేం లేదు. బాగా గుర్తు తెచ్చుకొని చెప్పు."

గోడ మీద ట్యూబులైటు వెనక నుంచి బల్లి తల బయటపెట్టింది. ఎవరో దగ్గారు. ముద్దాయి వైపు నుంచి కాటమయ్య మెల్లగా అన్నాడు: "యాది చేస్కో బావా."

"లేదమ్మా. ఇయ్యలే," అన్నాడు చెన్నయ్య.

పెన్ను కిందికి దిగింది.

ఆ సాయంత్రం అతని తల్లి గోపమ్మ చేటలో కందులు చెరుగుతూ, కోర్టులో ఏమడిగారని అడిగింది. అతను చెప్పాడు. చేట ఆగిపోయింది.

"ఓరి, మీ హనుమత్తకు అయిదు గొర్లు తోలినం గదరా! కాటమయ్య చిన్నాయనకేనాయె ఇచ్చింది. పిల్లాజెల్లా లేకుండనే పోయింది తల్లి. ఆమె గొర్లు ఆ ఇంటి మందలనే కలిసినయి. లగ్గం నాడు నా గొర్లు నా గొర్లని ఏడ్చుకుంట వాగు దాక ఉరికితివి. నాలుగేండ్లోనివి."

తీర్పుకు ఇంకా ఎనిమిది రోజులున్నాయి. భువనగిరికి రోజూ బస్సుంది. ఇప్పుడు పోయి మాట మార్చితే తననే లోపల వేస్తారని భయపడ్డాడు. తీర్పు నాడు కాటమయ్యకు ఆరు నెలల శిక్ష పడింది. మూడు గొర్రెలను చెన్నయ్యకే ఇప్పించారు. ఏడాది తిరగకముందే మూడూ చచ్చాయి. కాటమయ్య జైలు నుంచి వచ్చాక గొర్రెల దిక్కు చూడలేదు. మందను అమ్మి, భార్య బిక్షమ్మను తీసుకుని షాద్‌నగర్ పోయి ఒక కంపెనీ గేటు దగ్గర కాపలా కాశాడు. నాలుగేళ్లకు ఛాతీ జబ్బుతో పోయాడు.

ఆ వాగు దాకా ఉరికింది చెన్నయ్యకు ఇప్పుడు కండ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. దుమ్ము, అయిదు తోకలు, అత్త పసుపు చీర. అది తనకు నిజంగా ఉన్న జ్ఞాపకమా, తల్లి చెప్పాక తయారైనదా? బోనులో నిలబడ్డప్పుడు అది లోపల ఉందా, లేదా? దేవుడు అడిగినంత ఓపికగా అడిగిన ఆ ప్రశ్న ముందు తన నోరు ఏం చేసింది?

టీవీలో చెవి సంగతి వచ్చిన నాలుగో రోజు పరశురాములు వచ్చాడు. మోత్కూర్‌వాడే, చిన్న వయసు వకీలు. ఆ సిఫారసు వద్దని సంతకాలు కూడగడుతున్నవాళ్లలో ఒకడు. సైదులు హోటల్లోనే చెన్నయ్యను పట్టుకున్నాడు.

"కాకా, గా చెవి కేసుల సాక్షివి నువ్వేనంట గద! బిక్షమ్మ దగ్గరికి పోతే తలుపేస్కుంది. ఇగ నువ్వే దిక్కు."

"నేనేం జెయ్యాలె, వకీలు సాబ్?"

"ఒక్క ముక్క చాలు. మేడం మా మాట సరిగ ఇనలే, తొందరపడ్డది అను. రెండు నిమిషాలు. ఫోన్ల తీస్కుంట."

"చెన్నన్నా, టీవీల వడ్తున్నవ్, రుమాలు జర సక్కగ కట్టు!" అని పొయ్యి దగ్గర నుంచి సైదులు అరిచాడు. "రేపటి సంది చాయ్‌కి డబుల్ తీస్కుంట."

"ఆమె మంచి జడ్జా కాదా నాకేం తెలుస్తది, బిడ్డా? నేను ఆమెను ఒక్కనాడు చూసిన," అన్నాడు చెన్నయ్య.

"గా ఒక్కనాడే కావాలె కాకా. తక్కినయి మేం జూస్కుంటం. ఆమె రాసిన తీర్పులు ఇంక పది తీసినం. నిజంగనే బాగలేవు కొన్ని."

బాగా లేవేమో. చదువుకున్నవాడు ఊరికే అనడు. ఆ ఒక్క ముక్క అంటే అందరూ నమ్ముతారని చెన్నయ్యకు తెలుసు. ఇరవై ఏళ్ల బరువు ఆ మేడం తల మీదికి పోతుంది. ఆమె పెద్దది, మోస్తుంది. తన ఊళ్లో తన ముఖం తనకు మిగులుతుంది. బిక్షమ్మకు ఎన్నటికీ తెలియదు. పరశురాములు ఫోను పైకెత్తాడు. ఆ ఎత్తిన తీరు చూడగానే చెన్నయ్యకు పైకెత్తి పట్టుకున్న పెన్ను కనిపించింది. ఎవరో మళ్లీ ఆగి, తన కోసం చూస్తున్నారు.

"యాది చేస్కో బావా," అని వినిపించింది. హోటల్లో ఎవరూ అనలేదు.

"ఆమె అడిగింది," అన్నాడు చెన్నయ్య.

"ఏంది కాకా?"

"అరణం ఇచ్చిన్రా అని ఆమె అడిగింది. పెన్ను ఆపి, తొందర లేదు, యాది చేస్కో అన్నది. నేనే ఇయ్యలే అన్న. ఇచ్చినం. మా హనుమత్తకు అయిదు గొర్లు ఇచ్చినం. ఆ మూడు కాటమయ్యయే. మా అవ్వ ఆనాడు పొద్దుగూకంగనే చెప్పింది. ఎనిమిది రోజులు టైముండె. నేను పోలే."

పొయ్యి మీద చాయ్ పొంగి కారుతున్నా సైదులు చూడలేదు. పరశురాములు ఫోను దించాడు.

"గిది నాకు పనికి రాదు కాకా," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఇంకో మాట. గిది బయటికి పోతే నీకే ముప్పు. మళ్ల ఎక్కడ అనకు."

కానీ పక్క బల్ల దగ్గర ఇంకెవరో ఫోనులో తీస్తూనే ఉన్నారు.

ఇంటికి వచ్చి చెన్నయ్య లీలమ్మకు అంతా చెప్పాడు. ఆమె, "నా చేతి తిండి తింటనే నా దగ్గర గూడ దాస్తివి," అని లోపలికి పోయింది. మళ్లీ తానే బయటికి వచ్చి, దొడ్డిలో నెల కూడా నిండని ఒక ఆడ గొర్రెపిల్లను పట్టి తెచ్చి అతని చేతిలో పెట్టింది. ఈ ఏటి ఈతలో మొదట పుట్టింది అదే. ఇంకా చెవి కోయలేదు.

పిల్లను భుజాల మీద వేసుకుని వాగు దాటాడు. వాగులో నీళ్లు లేవు, ఇసుకే. నడుస్తుంటే వెనక ఇసుక మీద చిన్న చిన్న డెక్కల చప్పుడు వచ్చింది. ఆగితే ఆగింది. తిరిగి చూడలేదు. ఎన్నున్నాయో అతనికి తెలుసు.

కాటమయ్య పోయాక బిక్షమ్మ వాగవతల తమ ఊరికి తిరిగొచ్చింది. రేకుల ఇల్లు, గుంజకు కట్టిన రెండు మేకలు. చెన్నయ్య పోయేసరికి ఆమె వాకిట్లో కూర్చుని ఉంది. పక్కింట్లో టీవీ మోగుతోంది. సాక్షి దాస్తే జడ్జి ఏం చేస్తుంది అని ఒక గొంతు. అరణం సంగతి అడగాలని తోచిన జడ్జికి, సాక్షి తల్లిని పిలిచి అడగాలని ఎందుకు తోచలేదు అని ఇంకో గొంతు. అదీ నిజమే కదా అనుకున్నాడు చెన్నయ్య. తల్లిని పిలిస్తే అబద్ధమాడేది కాదు.

"నీ కన్న ముందు నీ మాటే వచ్చింది," అన్నది బిక్షమ్మ. "పక్కింటి పిల్ల ఫోన్ల చూపిచ్చింది."

"అక్కా..."

"అక్క ఎట్లయితనో తెలిసిందా ఇప్పుడు?"

చెన్నయ్య తల వంచుకున్నాడు. పిల్లను కిందికి దించాడు.

"బావ పొట్టేలు మా మందల రెండు నెలలుండె. మొదటి ఆడపిల్ల మీది. ఇయ్యలే. గిది తెచ్చిన. ఆ మూడు గొర్లకు బదులు మూడు గూడ రేపు తోలుకొస్త."

"అవి తేకు," అన్నది బిక్షమ్మ. కోపంగా అనలేదు. "అవి ఇస్తే నీకు నిదుర పడ్తది. ఆయనకు జైలుల ఆర్నెల్లు నిదుర లేకుండె. షాద్‌నగర్‌ల గూడ లేచి కూసునేటోడు. 'వాడు ఎరుక లేకనే అన్నడేమోనే, యాదికొస్తే వస్తడు' అనేటోడు. సచ్చేదాక చూసిండు నీ కోసం."

పక్కింట్లో ఎవరో టీవీ గొంతు తగ్గించారు.

పిల్ల తల్లి కోసం అరిచింది. బిక్షమ్మ వంగి దాని చెవులు రెండూ వేళ్లతో తడిమింది. కొసలు నిండుగా ఉన్నాయి.

"కొయ్యలేదేం?"

"మీ పిల్ల. నేనెట్ల కోస్త?"

ఆమె పిల్లను ఎత్తుకుని లోపలికి పోయింది. కొంచెంసేపటికి కత్తి తీసుకుని గుమ్మం దగ్గరికి వచ్చి, చెన్నయ్య చూస్తుండగానే కాటమయ్య ఇంటి కోత కోసింది. కుడి చెవి మధ్యలో చీల్చిన గుర్తు. నెత్తురు మీద పసుపు అద్ది, పిల్లను మేకల పక్కన వదిలింది.

"పొట్టేలు బాకీ తీరింది," అన్నది. "ఇగ నువ్వు పో."