మిట్టు నడిచే దారి

కవళ్ల చేపల గంపలో మూతి పెట్టిందని చేపలమ్మే ఎర్రన్న కాలెత్తి తన్నిన రోజు నుంచీ మిట్టు వెనక కుడికాలు నేలకు ఆనించలేదు. గురమ్మ కూతురు హేమ ముద్దుగా పెంచుకుంటున్న పొమేరియన్ కుక్క అది. ఆ పిల్ల ఏడుపు చూడలేక గురమ్మ కుక్కను చంకనేసుకుని నెల్లిమర్ల నుంచి గరివిడి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లింది.

"మోకాల్లో లిగమెంటు తెగిందమ్మా. చిన్న కుక్కే కదా, కీలు బయట నైలాన్ దారంతో బిగించేస్తాం," అన్నాడు డాక్టరు.

"మత్తిస్తే మరి లెగుస్తాదా బాబూ? ఊపిరాగిపోతే? ఆ దారం పుటుక్కుమంటే?"

ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ బయట బల్ల మీద కూర్చుని గురమ్మ పైడితల్లికి మొక్కుకుంది. 'ఇది లేస్తే నీకు కోడిని కోస్తాను తల్లీ. ఎర్రన్న సంగతి మాత్రం నువ్వు పట్టించుకోకు. వాడిని నేను చూసుకుంటాను.'

మిట్టు లేచింది. గెంతనివ్వొద్దనీ, పొట్టి తాడు కట్టి రోజూ మెల్లగా నడిపించమనీ డాక్టరు చెప్పాడు. ఎక్కడ నడిపించాలో చెప్పలేదు. అది గురమ్మ చూసుకుంది.

పొద్దున్నే ఎర్రన్న బల్ల దగ్గర బేరాలు మొదలయ్యే వేళకి, గొరిగిన కాలు, కుట్లు, కుట్లు నాక్కోకుండా మెడ చుట్టూ పెట్టిన ప్లాస్టిక్ గరాటుతో మిట్టు అటూ ఇటూ కుంటేది.

"ఏటైనాది గురమ్మా దీనికి?" అని అడిగేవారు బేరానికొచ్చిన ఆడవాళ్లు.

"ఏటవుతాది? కవళ్లకి కక్కుర్తి పడ్డాదని కాలిరగ్గొట్టేసినారు. ఎవులో నేను సెప్పను తల్లీ. బల్ల ఎనకాలున్నోడినడుగు."

చేతిలోకి తీసుకున్న చేపని తిరిగి బల్ల మీద పడేసి ఆడవాళ్లు అవతలి బల్లకు నడిచేవారు. ఎర్రన్నకి ఈగలు మిగిలేవి.

కుట్లు విప్పించి, బొచ్చు మొలిచాక గురమ్మ దాన్ని తీసుకుని మళ్లీ గరివిడి వెళ్లింది.

"కాలు బాగా కుదిరింది. ఎడమ మోకాలు కూడా కొంచెం వదులుగా ఉందమ్మా. ఇలాంటి కుక్కల్లో ఆ లిగమెంటు ఏళ్ల తరబడి లోపల్లోపలే అరిగిపోతుంది. తన్ను వల్లే తెగిందనుకోలేం."

గురమ్మకి గుండె గుభేలుమంది. రెండో కాలు కోసమో, ఎర్రన్న కోసమో ఆమెకే తెలియలేదు.

"తంతే తెగదా?"

"తంతే కూడా తెగొచ్చు."

ఆ ఒక్క మాటనే కొంగున ముడేసుకుంది. మిగిలినవి బస్సులో దారిపొడవునా చేపముల్లులా గొంతులో గుచ్చుకుంటే, గుటకేసి దింపేసింది.

మర్నాడు ఎర్రన్న బల్ల దిగి ఎదురొచ్చి అక్క వరస కలిపాడు. "అప్పా, తప్పైపోనాది. కాలు బాగైనాది గదా, ఇంక ఈ ఈదిలోకి రాకప్పా."

మిట్టు వాడిని చూసి తోకాడించింది. గురమ్మ తాడు దగ్గరికి లాగింది.

"ఒరే ఎర్రన్నా, రెండో మోకాలూ వదులైనాదట. దానికీ నడక కావాల."

బల్ల దగ్గరి ఆడవాళ్లు గిరుక్కున తిరిగారు. "రెండోదీ ఈడి పనేనా?"

గురమ్మ అవుననలేదు, కాదనలేదు. మిట్టుని మెల్లగా, చాలా మెల్లగా, బల్ల ముందు నుంచి నడిపించింది.