మూడు నిమిషాలు చాలు

పొద్దున ఆరూ ఇరవై బండి ఆరూ ఇరవై మూడుకి కదిలింది. అతను రిజిస్టరులో "ఆలస్యం మూడు" అని రాసి, కిటికీ కంతలోంచి చీటీ బయటికి నెట్టాడు. కండక్టరు దాన్ని లాక్కుని, వినపడేలాగే గొణిగాడు.

"ఈయన పుట్టినప్పుడు మంత్రసానికి కూడా ఆలస్యం రాసుంటాడు."

అతను తలెత్తలేదు. బస్టాండులో అందరూ అతన్ని నిమిషాలాయన అంటారు. ఇరవై ఆరేళ్లుగా అదే అద్దాల గది. మోచెయ్యి ఆనే చోట బల్ల రంగు పోయింది. ఎండ ఎప్పుడూ ఎడమవైపు నుంచే పడటంతో ఆ చెంప రెండోదానికన్నా ఓ ఛాయ నలుపు. ఇన్నేళ్లలో ఎవరికీ ఒక్క నిమిషం వదల్లేదు. అది నిజాయితీ అనుకున్నాడు, నిజాయితీయే. కానీ దేనికైనా రెండో వైపు ఉంటుంది. ఎవరికీ ఏమీ వదలనివాడికి, అవసరం పడ్డ రోజున అడగడానికి ఎవరూ మిగలరు.

ఈ రోజు అతనికి అవసరం పడింది.

రేపు ఉదయం పదీ నలభైకి, ఐదు గంటల దూరంలోని ఊళ్లో సూర్యుడు పూర్తిగా మూసుకుపోతాడు. రెండు నిమిషాల పది సెకన్లు. ఈ ప్రాంతంలో మళ్లీ అలాంటి గ్రహణం అరవై ఏళ్లకి. అన్నయ్యకి డాక్టరు చెప్పింది అరవై రోజులు. అందులో నలభై ఐపోయాయి.

అన్నయ్య ముప్పై ఏళ్లు రాళ్లమిల్లులో చేశాడు. ఊపిరితిత్తుల నిండా ఆ దుమ్మే. తమ్ముడికి పన్నెండేళ్లప్పుడు ఇలాంటి గ్రహణమే సరిగ్గా నెత్తి మీదికి వచ్చింది. ఆ పూట మానితే పని పోతుంది, పని పోతే తమ్ముడి చదువు పోతుంది. అన్నయ్య మిల్లు రేకుల కిందే ఉండిపోయాడు. తమ్ముడు మిద్దె మీంచి చూసొచ్చి చెప్పాడు. అప్పట్నుంచీ చెబుతూనే ఉన్నాడు.

"బాగానే చెబుతావురా. కానీ భోజనం సంగతి వింటే కడుపు నిండుతుందా?" అనేవాడు అన్నయ్య.

ప్రయాణం కాగితం మీద సిద్ధంగా ఉంది. చిన్న ఆక్సిజన్ సిలిండరు మూడు గంటలు వస్తుంది కాబట్టి దారికి రెండు కావాలి. ఒకటి ఇంట్లో ఉంది, రెండోది నాలుగింటికి నింపి ఇస్తామన్నారు. అక్కడ ఆసుపత్రి ఎదురుగా గది కుదిరింది. కుదరనిది ఒక్కటే. సాయంత్రం ఐదూ పది బండి వాళ్ల వీధి ముందు నుంచే వెళుతుంది గానీ అక్కడ ఆగదు. బస్టాండు దాకా వచ్చి ఆ రద్దీలో నిలబడే ఊపిరి అన్నయ్యకి లేదు.

మధ్యాహ్నం అతను గది దాటి, టీ బడ్డీ దగ్గర ఉన్న ఆ బండి డ్రైవరు దగ్గరికి వెళ్లాడు.

"ఏం సార్, గది అంటుకుందా? బయటికొచ్చారు!"

అతను విషయం చెప్పాడు. డ్రైవరు మిగిలిన టీ తాగేశాడు.

"మా పాప జ్వరం మందు కోసం తొమ్మిది నిమిషాలు ఆపితే రాశారు. గుర్తుందా?"

"ఉంది."

"ఆ ఏడాది ఇంక్రిమెంటు పోయింది. అదీ?"

"ఉంది. అయినా అడుగుతున్నాను. నాకు ఇంకో బండి లేదు. ఆయనకి ఇంకో గ్రహణం లేదు."

డ్రైవరు ఖాళీ గ్లాసు బడ్డీ మీద పెట్టాడు. "ఎంతసేపు ఆపాలి?"

మేడ మీది ఇంటి నుంచి పద్దెనిమిది మెట్లు, మూడేసి మెట్లకోసారి విశ్రాంతి, వెంట సిలిండరు. పెన్సిలు లెక్క పదకొండు అని తేల్చింది. కానీ పదకొండు అనడానికి ఇరవై ఆరేళ్ల నోరు తిరగలేదు.

"మూడు నిమిషాలు చాలు."

"మూడేనా? చూసుకోండి సార్."

"చాలు."

ఇంటికి వచ్చేసరికి అన్నయ్య పక్కింటాయనతో గడ్డం గీయించుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కుర్చీలో ఉన్నాడు. ముక్కుకి గదిలోని పెద్ద సిలిండరు గొట్టం.

"ఎంతసేపు ఆపుతానన్నాడ్రా?"

"మూడు నిమిషాలు."

"నీ కోసం ఆపుతున్నాడా! అదీ వింతే. గ్రహణంకన్నా." నవ్వు దగ్గులో కలిసిపోయింది. "మన వల్ల ఆలస్యం కాకూడదురా. నీ పరువు పోతుంది."

"సిలిండరు తెచ్చి నేనే దింపుతాను. నువ్వు కదలకు."

"సరే సార్."

సిలిండర్ల దుకాణంలో ఆలస్యమైంది. ఐదూ ఎనిమిదికి అతను బరువు భుజాన వేసుకుని మెట్లు ఎక్కాడు.

అన్నయ్య మెట్ల మధ్యలో కూర్చుని, గోడకి ఆనుకుని ఉన్నాడు. కాళ్లకి బూట్లు, లేసులు కట్టి ఉన్నాయి. గొట్టం పొడవు పై నుంచి ఆరో మెట్టు దాకానే. అక్కడ దాన్ని ముక్కు నుంచి తీసి, కింద పడకుండా కమ్మీకి తగిలించి, ఇంకో నాలుగు మెట్లు దిగాడు. పైన గాలి ఇంకా బుస్సుమంటోంది.

అతను అన్నయ్య మెడ మీద వేళ్లు పెట్టి చూశాడు, నాడి లేదు. ఆ వెంటనే, అలవాటు కొద్దీ, చేతి గడియారం చూశాడు. ఆ చెయ్యి నరుక్కోవాలనిపించింది.

వీధి చివర హారన్ మోగింది. అతను లేవలేదు. ఒక మెట్టు కింద కూర్చుని, అన్నయ్య మోకాళ్ల మీద తల పెట్టుకున్నాడు. హారన్ మళ్లీ మోగలేదు. బండి వెళ్లిపోయి ఉంటుందనుకున్నాడు.

చాలాసేపటికి బయటికి వస్తే బండి అక్కడే ఉంది. లోపల జనం అరుస్తున్నారు.

"రేపటిదాకా ఇక్కడేనా?"

"తొందరైతే దిగి నడవండి, ఎవరొద్దన్నారు!" డ్రైవరు వెనక్కి అరిచి, అతన్ని చూసి గొంతు తగ్గించాడు. "నిదానంగా దింపండి సార్. ఎంతసేపైనా పర్లేదు."

అతను తల అడ్డంగా ఊపాడు. "బండి తియ్యి."

డ్రైవరు రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకున్నాడు. తర్వాత ఇంజను మోగింది. బండి మలుపు తిరిగింది.

బండి తలుపు ఆగిన చోట, ఎత్తు మెట్టు ఎక్కలేని మనిషి కోసం డ్రైవరు తన ఇంట్లోంచి తెచ్చి వేసిన స్నానాల పీట ఉండిపోయింది, ఇంకా తడి ఆరలేదు.