ఎదుటివాడి చెయ్యి

ప్రతి సోమవారం లాకర్ తెరిచాకే ఆ వారం తానెవరో ఓరిన్ హాల్వర్సన్‌కు తెలిసేది. కొక్కేనికి పసుపు చొక్కా వేలాడుతుండేది. దాని మీద, శనివారం అమెరికన్ ఫుట్‌బాల్‌లో తమతో ఆడబోయే పరాయి కాలేజీ క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపేవాడి నంబరు. వారమంతా ప్రాక్టీసులో ఓరిన్ ఆ మనిషి కావాలి. వాడిలా నిలబడాలి, వాడిలా బంతి విసరాలి, వాడు కంగారుపడే చోటే కంగారుపడాలి. సొంత జట్టులో ఎదుటివాళ్లను అడ్డుకునే డిఫెన్స్ ఆ నకలు మీద చేతులు అలవాటు చేసుకుని, శనివారం అసలు మనిషి మీద పడేది. ఆ శనివారం ఓరిన్ మాత్రం మట్టి అంటని యూనిఫాంలో గీతకు ఇవతల నిలబడి ఉండేవాడు.

హార్లన్ క్రీక్ కాలేజీలో చేరిన నాటినుంచీ అతనిది ఇదే పని. ఈ పనిలో అతన్ని మించినవాడు అయోవా రాష్ట్రం మొత్తంలో లేడని కోచ్ బ్రునెక్ అనేవాడు. మెచ్చుకోలే, కానీ ఆ మాట విన్నప్పుడల్లా ఓరిన్‌కు నోట్లో ఇనుము రుచి తగిలేది. పరాయి జట్ల ఆటల వీడియోల్లో అందరూ ఎదుటివాడి చెయ్యి చూస్తే అతను భయం చూసేవాడు. ప్రతివాడికీ భయం ఒంట్లో ఒకచోట బయటపడుతుంది. ఒకడు మడమ ఎత్తుతాడు, ఒకడు గడ్డం కిందకి దించుతాడు. అది పట్టుకుంటే చాలు, మిగతా మనిషంతా దాని వెనకే వచ్చేస్తాడు. ఇంకొకరి భయంలో ఉన్నంతసేపు తన భయం కనిపించేది కాదు. ఆ హాయి సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడు జట్టు ఘోరంగా ఓడుతూ వచ్చింది. సెప్టెంబరులో స్టాండ్స్ నిండా జనం, అక్టోబరుకు కంబళ్లు కప్పుకున్న తల్లిదండ్రులు, నవంబరుకు బ్యాండువాళ్లు కూడా సగమే. ఇక మిగిలింది చివరి ఆట, సెయింట్ ఆల్డ్రిక్ కాలేజీతో. వాళ్లు ఆ ఏడు ఓటమి ఎరగరు. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ కేడ్ లొమాక్స్.

సొంత మైదానంలో చివరి ఆట కాబట్టి చదువు ముగిసిపోతున్న ప్రతి ఆటగాడికీ కాసేపైనా ఆడే అవకాశం ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. మూడో క్వార్టర్లో, అంటే ఆట మూడో పావులో, ఒక విడత నీదే అని కోచ్ ఓరిన్‌కు మాటిచ్చాడు. ఓరిన్‌కు గెలుపు మీద ఆశ లేదు. ఇన్నాళ్లూ ఇందరి వేషం వేసిన వాడు, ఎవరూ కాకుండా నిలబడితే ఎలా ఉంటాడో ఒక్కసారి చూసుకోవాలి. అంతే అతనికి కావలసింది.

అందుకే సోమవారం కోచ్ గదికి వెళ్లి, ఈ వారం కొద్దిసేపు మనవాళ్లతో మన ఆట ఆడనివ్వమని అడిగాడు. కోచ్ తల ఎత్తలేదు.

"మన ఎత్తులన్నీ నీకు కంఠతా వచ్చు కదయ్యా. నాకీ వారం లొమాక్స్ కావాలి. నువ్వు తప్ప వాణ్ని నాకెవడు తెచ్చిస్తాడు?"

ఓరిన్ లొమాక్స్‌ను తెచ్చిచ్చాడు. ఎంత వెతికినా వాడి ఒంట్లో భయం దొరకలేదు. బదులుగా ఒక నెమ్మది దొరికింది. ఎడమవైపు విసిరే ముందు లొమాక్స్ రెండో చేత్తో బంతిని ఒకసారి తట్టేవాడు, పాపను జోకొట్టినట్టు. బుధవారానికి ఆ నెమ్మది ఓరిన్ భుజాల్లోకి దిగింది. డిఫెన్స్ కెప్టెన్ పిట్మన్‌కు ఆ తట్టు చూపించాడు. పిట్మన్ ఆ రాత్రి భోజనాల బల్ల దగ్గర అతన్ని వదల్లేదు.

"ఏరా లొమాక్స్, ఆ ఉప్పు ఇటు తొయ్యి. శనివారం నీ నడుం విరగ్గొట్టేవాణ్ని, ఈపాటి మర్యాద చెయ్యవా?"

"నన్ను పట్టుకుంటే కదరా," అన్నాడు ఓరిన్. అది లొమాక్స్ యాసే. బల్ల అంతా నవ్వింది.

శనివారం ఆ తట్టు చూసి పిట్మన్ లొమాక్స్ బంతిని రెండుసార్లు మధ్యలోనే లాక్కున్నాడు. ఓడిపోవలసిన ఆట సమానంగా నడిచింది. సరిగ్గా అందుకే మూడో క్వార్టర్ వచ్చినా కోచ్ ఓరిన్ వైపు చూడలేదు. ఓరిన్ వెళ్లి గుర్తుచేస్తే, ఆట ఇలా ఉన్నప్పుడు ఎలాగయ్యా, చూద్దాం అన్నాడు. తన పనితనమే తన వంతును మింగేసిందని ఓరిన్‌కు అప్పుడు అర్థమైంది.

ఆట ముగియబోతుండగా మెయిన్ క్వార్టర్‌బ్యాక్ మెర్కల్ చీలమండ మెలిపడింది. కోచ్ చుట్టూ చూసి, వేరే దారి లేక, ఓరిన్‌ను పంపాడు.

మొదట చెరో పక్కకీ రెండు పొట్టి విసుర్లు. రెండూ అందాయి. మూడోసారి ఎడమవైపున తనవాడు ఒంటరిగా పరిగెత్తడం కనిపించింది. ఆ క్షణాన ఓరిన్ లోపల ఎన్నడూ ఎరగని నిశ్శబ్దం పరుచుకుంది. ఇదేనన్నమాట నేను, అనుకున్నాడు. ఎంత సులువు, అనుకున్నాడు. విసిరాడు.

బంతి చేతిలోంచి వెళ్లక ముందే ఎదుటి జట్టు కుర్రాడొకడు అటు కదిలాడు. నింపాదిగా అందుకుని ఖాళీ మైదానమంతా పరిగెత్తి, చివరి గీత దాటి టచ్‌డౌన్ చేశాడు. ఆట పోయింది.

చేతులు కలిపే వరసలో ఆ కుర్రాడు ఓరిన్ దగ్గర ఆగాడు. వాడి మొహంలో ఎగతాళి లేదు.

"ఏమనుకోకు బ్రదర్. నువ్వు అచ్చం మా కేడ్‌లాగే బంతిని తడతావు. ప్రాక్టీసులో రోజూ ఆ తట్టు చూసే వాడి బంతి లాక్కుంటాను. నా కాళ్లు వాటంతటవే వెళ్లిపోయాయి."

లాకర్ల గదిలో పిట్మన్ బూట్లు విప్పుకుంటూ ఓరిన్ వైపు ఒకసారి చూశాడు, మళ్లీ తాళ్ల మీదికి వంగాడు. ఆ తట్టు గురించి జట్టుకు చెప్పింది ఓరినే కాబట్టి, ఏం జరిగిందో అందరికీ తెలుసు.

మర్నాడు మధ్యాహ్నం వీడియో గది ఖాళీగా ఉంది. సీజను అయిపోయాక అక్కడికి ఎవరూ రారు. ఓరిన్ తలుపు వేసుకుని తన ఆట తెర మీద పెట్టుకున్నాడు. మొదటి విసురులో మడమ ఎత్తినవాడు అక్టోబరులో ఆడిన మనిషి. రెండో విసురులో గడ్డం దించినవాడు అంతకు ముందటివాడు. మూడోది లొమాక్స్. వెనక్కి తిప్పి మళ్లీ చూశాడు. పరాయివాళ్లను ఇట్టే పసిగట్టే కళ్లు, ఆ చొక్కాలో తనను మాత్రం ఎక్కడా కనిపెట్టలేకపోయాయి.

ఈసారి వీడియో ఆపలేదు. బంతి లాక్కున్న కుర్రాడు పరిగెడుతున్నాడు. అలాంటప్పుడు ఏ క్వార్టర్‌బ్యాక్ అయినా వెంటపడతాడు. ఇన్నేళ్లలో ఓరిన్ ఎవరెవరి వేషం వేశాడో వాళ్లంతా వెంటపడ్డవాళ్లే. తెర మీద ఈ మనిషి కదల్లేదు. చేతులు వేలాడేసి, అది ఇంకెవరిదో ఆట అయినట్టు, ఆ పరుగు అంతమయ్యే దాకా చూస్తూ నిలబడ్డాడు.

ఆ నిలబడటం ఎవరి దగ్గరా నేర్చుకున్నది కాదు.