అవ్వకిచ్చిన వేళ్ళు

"నొక్కొద్దక్కా. ఊరికే ఆనించు," అంది కౌంటరు వెనకాల అమ్మాయి.

చిట్టి వాళ్ళమ్మ వేలు తీసి బట్టకు తుడుచుకుని మళ్ళీ పెట్టింది. అగ్గిపెట్టెంత గాజు పలక, దాని అడుగున ఆకుపచ్చ లైటు. వేలు తాకగానే మిషను కూసింది. కూసిందంటే వేలు పడినట్టే. ఆ కూత ఆమెకు కొత్త కాదు, రెండేళ్ళుగా నెలనెలా వింటున్నదే. హమ్మయ్య అనుకుని, భుజం మీద తల వాల్చిన నాలుగేళ్ళ చిట్టిని ఈ చంకనుంచి ఆ చంకకు మార్చుకుంది.

పొద్దున ఆరింటికి వచ్చి నిలబడింది రేషను ఆఫీసు వరుసలో. బట్టల కార్ఖానాలో దారాలు కత్తిరించే పని పోయి మూడు నెలలు. పని వెతుక్కుంటూ వేరే ఊరు వెళ్ళిన భర్త ఫోను కూడా మోగడం మానేసింది. పోయిన వారం ఆసుపత్రి నర్సు చిట్టిని తూకం మీద నిలబెట్టి, కాగితంలో ఒక అంకె చుట్టూ ఎర్రగా గీత గీసి, "పిల్లకి తిండి పెడుతున్నావా అమ్మా, లేదా" అని అడిగింది. ఆ "లేదా" అన్నది ఆమె గుండెలో ముల్లులా దిగబడిపోయింది. ఆ కాగితాన్నే దరఖాస్తుకు గుచ్చి తెచ్చింది. ఇది పాసైతే నెలనెలా బియ్యం, పిండి, నూనె, పిల్లకు పాలపొడి. కాకపోతే ఏమిటన్నది తలుచుకోవడానికి కూడా ధైర్యం చాలడం లేదు.

కౌంటరు అమ్మాయి తెర వైపు చూసింది. ఆమె వైపు చూసింది. మళ్ళీ తెర వైపు చూసింది.

"అక్కా, నీ వయసెంత?"

"ఇరవై ఆరు."

"ఇందులో డెబ్బై నాలుగని వస్తోంది."

"అంత వయసున్నట్టు కనబడదే," అన్నాడు వెనకాల గొడుగు పట్టుకున్న ఆయన. వరుసలో నలుగురు నవ్వారు. వాళ్ళను చూసి చిట్టి కూడా నవ్వింది.

చిట్టి వాళ్ళమ్మ మాత్రం నవ్వలేదు. ఆ డెబ్బై నాలుగు ఎవరిదో ఆమెకు తెలుసు. పక్క గదిలో ఉండే ఇస్త్రీ అవ్వది.

రెండేళ్ళ కిందట అవ్వను చెయ్యి పట్టుకుని ఈ ఆఫీసుకు తెచ్చింది తనే. అప్పుడు ఈ కుర్చీలో ఒక కళ్ళజోడాయన ఉండేవాడు. అవ్వ వేళ్ళు పదీ పెట్టించాడు, ఒక్కటీ పడలేదు. పడవు మరి. నలభై ఏళ్ళుగా అవ్వ ఇస్త్రీ పెట్టె వేడిని వేలితోనే చూసుకుంటుంది. వేలు నాలుక మీద తడిపి పెట్టె అడుగున చురుక్కున తాకిస్తుంది. ఆ చప్పుడును బట్టి ఇది పట్టుకు, ఇది నూలుకు అని చెప్పేస్తుంది. ఒక వేలు బొబ్బలెక్కితే ఇంకో వేలు. అలా పది వేళ్ళూ సబ్బుబిళ్ళల్లా నున్నగా అయిపోయాయి.

కళ్ళజోడాయన తడిగుడ్డతో తుడిచాడు, నూనె రాశాడు, చివరికి విసుగొచ్చి, "ఏమ్మా, నెలనెలా సరుకులు తీసుకెళ్ళేది నువ్వేగా? నీ వేళ్ళు పెట్టెయ్. పనైపోద్ది," అన్నాడు. ఆమె పెట్టేసింది. ఒకటి కాదు, పదీ. అప్పుడు కార్ఖానాలో పని ఉంది, మొగుడు ఇంట్లో ఉన్నాడు. ఈ తిండి కోసం తనెప్పుడైనా ఇక్కడ నిలబడాల్సి వస్తుందన్న ఆలోచనే లేదు. పైగా నలుగురూ మెచ్చుకున్నారు. "సొంత మనవరాలు కూడా ఇంత చెయ్యదు" అన్నారు. అది విని ఆమె రెండు రోజులు గాల్లో నడిచింది.

కౌంటరు అమ్మాయి ముందుకు వంగి గొంతు తగ్గించింది. "నిజం చెప్పక్కా. ఈ కార్డు ఎవరిది?"

చెప్పింది. ఏదీ దాచకుండా, దాచడం చేతకాక, మొత్తం చెప్పింది.

ఆ అమ్మాయి జడలో దోపుకున్న పెన్ను తీసి మళ్ళీ అక్కడే దోపుకుంది. "అయ్యో. ఒక వేలికి ఒకటే కార్డక్కా. వేలు నాదే అంటే ముసలావిడ కార్డు ఆగిపోతుంది. ఆవిడదే అంటే నీకు రాదు."

"ఇంకో దారేం లేదా?"

"ఆవిడ్ని తీసుకురా. ఆవిడ సొంత వేలు ఒక్కటి పడినా చాలు, ఆ కార్డుకి అది ఎక్కించేసి నీవి నీకు మార్చేస్తా. రెండు నిమిషాల పని. ఐదింటిదాకా నీ కాగితం పక్కన పెడతా." అని లోపలి గది తలుపు వైపు కళ్ళతో చూపించింది. "పడకపోతే మాత్రం ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోండి. ఆవిడదైనా నిలుస్తుంది. పెద్దాయన చెవిన పడిందా, ఇక నా చేతిలో ఏమీ ఉండదు."

ఇంటికి వచ్చేసరికి అవ్వ గుమ్మంలో నిలబడి ఎవరిదో చొక్కా కాలరు మీద పెట్టె నడుపుతోంది. వంగిన నడుమూ, నోట్లో నాలుగు గుండీలూ. సంగతంతా చెప్పాలంటే చెవి దగ్గర అరవాలి. అవ్వకు కుడి చెవి అసలు వినబడదు, ఎడమది దయ తలిస్తే వింటుంది. అందుకని అవ్వ మాట కూడా అరుపే.

చొక్కా మడత పెట్టి, గుండీలు ఉమ్మి, అవ్వ అంతా విన్నది.

"అంటే వాళ్ళ మిషనులో నేను నువ్వన్నమాట," అంది. "పోనీలే, నేను పోయాక కూడా నువ్వెళ్ళి వేలు పెడుతుండు. వందేళ్ళు దాటినా నాకు చావుండదు."

"నవ్వులాట కాదే అవ్వా. నీ వేలు పడకపోతే ఏం చేస్తాం?"

"ఎందుకు పడదే? మనిషికి వేలిముద్ర ఉండకుండా ఎక్కడికి పోతుంది, లోపల ఎక్కడో నక్కి ఉంటుంది. నానబెట్టు. బట్ట మురికైనా నానబెడితేనేగా పైకొచ్చేది."

గోరువెచ్చని నీళ్ళు గిన్నెలో పోస్తే అవ్వ రెండు చేతులూ అందులో పెట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నం భోజనానికి కూడా తియ్యలేదు. చిట్టి తినే గిన్నెలోంచే చిట్టి వాళ్ళమ్మ రెండు ముద్దలు అవ్వకు పెట్టింది. ఆ గిన్నెలోది అవ్వ పిండే. మూడు నెలలుగా ముగ్గురూ అవ్వ ఒక్కదాని సరుకు మీద నడుస్తున్నారు. ఆ సంగతి అవ్వ ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తకపోవడమే చిట్టి వాళ్ళమ్మకు భారంగా ఉంటుంది.

ఐదు చొక్కాలు అలాగే కుప్పగా పడి ఉన్నాయి. "వేలు నానినాక పెట్టె ముట్టుకుంటే మళ్ళీ మొదటికొస్తుంది," అని అవ్వ వాటి వైపు కూడా చూడలేదు. నీళ్ళు చల్లారినప్పుడల్లా మార్చారు. చర్మం ముడతలు పడి, తెల్లబడి, నిజంగానే ఏవో గీతల్లా కనబడ్డాయి. చిట్టి దగ్గరికి వచ్చి చూసి, "అవ్వ వేళ్ళు ముసలివైపోయాయి," అంది.

"ఇన్నాళ్ళకి వయసొచ్చిందే వాటికి," అంది అవ్వ.

నాలుగున్నరకు ముగ్గురూ కౌంటరు ముందు ఉన్నారు. వరుస పలచబడింది. దారి పొడుగునా అవ్వ చేతులు గాలికి ఆరిపోకుండా తడిగుడ్డలో చుట్టుకుని, పసిబిడ్డను మోస్తున్నట్టు గుండెలకు ఆనించుకుని నడిచింది.

"పెట్టు అవ్వా," అంది కౌంటరు అమ్మాయి.

కుడి బొటనవేలు. మిషను కూయలేదు. తెర మీద ఎర్రగా ఏదో పడింది.

"ఏమంటుంది?"

"వేలు లేదంటోంది."

"లేకపోవడమేమిటి? ఇది వేలు కాకపోతే వంకాయా?"

చూపుడు వేలు. లేదు. మధ్యవేలు. లేదు. ఒక్కో వేలికీ ఆ అమ్మాయి మూడేసి సార్లు పెట్టించింది. గాజు పలక తుడిచింది. వేలి మీద తన వేలు పెట్టి మెల్లగా అదిమింది. అవ్వ నాలుకతో తడుపుకుని పెట్టింది, నలభై ఏళ్ళ అలవాటు. ఎడమ చేతి చిటికెన వేలికి ఒక్కసారి లైటు రంగు మారబోయింది. మారలేదు.

గోడ గడియారం ఐదుకు ఇంకా పది నిమిషాలున్నట్టు చూపిస్తోంది. కౌంటరు అమ్మాయి దరఖాస్తును ఇటు జరిపింది. "ఇక వెళ్ళిపోండక్కా. వెనక్కి తీసుకున్నట్టు రాసేస్తా. ఆవిడదైనా ఉంటుంది," అంది, పెదవులు కదిలీ కదలకుండా.

"ఏమంటోందే?" అవ్వ అరిచింది.

చిట్టి వాళ్ళమ్మ ఆమె చెవి దగ్గర వంగింది. "ఏం లేదు. ఇంటికెళ్దాం పద."

"మరి చిట్టికి?"

"పద అవ్వా, ఇంటి దగ్గర మాట్లాడుకుందాం."

"చిట్టికి ఇస్తారా, ఇవ్వరా?"

ఆమె అవ్వ భుజం పట్టుకుని తిప్పబోయింది. అవ్వ కదల్లేదు. ఆమె మొహం చూసి అవ్వకు అర్థమైపోయింది. కౌంటరు చెక్కను రెండు చేతులతో పట్టుకుని, మేడ మీదవాళ్ళను పిలుస్తున్నంత గొంతుతో మొదలుపెట్టింది.

"అమ్మాయ్, ఆ వేళ్ళు దీనివే. రెండేళ్ళుగా నా పేరు మీద పెడుతోంది. నాకేమీ వద్దు, నేను ఇస్త్రీ చేసుకుని బతుకుతా. ఆ వేళ్ళు దీనికి రాసెయ్. దీని పిల్లకి తిండి ఇవ్వండి."

చిట్టి వాళ్ళమ్మ చెయ్యి అవ్వ నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. అప్పటికే లోపలి గది తలుపు తెరుచుకుంది.

పెద్దాయన చెడ్డవాడేమీ కాదు. అవ్వకు కుర్చీ వేయించాడు. మొత్తం ఇంకోసారి చెప్పించుకున్నాడు. కళ్ళజోడాయన పేరు రాగానే, "ఆయన రిటైరై వెళ్ళిపోయాడమ్మా, ఆయన్ని ఎక్కడ పట్టుకోను?" అన్నాడు. నర్సు గీసిన ఎర్ర గీతను కూడా చూశాడు. చూసి నుదురు రుద్దుకున్నాడు.

"ఒకరి పేరు మీద ఇంకొకరు తీసుకున్నారని నా ముందే చెప్పారు. విన్నాక విననట్టు ఉండలేను. రెండూ ఆపాల్సిందే."

"రెండూ అంటే?" అంది చిట్టి వాళ్ళమ్మ.

"అవ్వ కార్డూ, నీ దరఖాస్తూ. మా మనిషి మీ ఇంటికి వస్తాడు. ఎవరెవరో చూసి రాసుకుంటాడు. నీ వేళ్ళు అక్కడ మళ్ళీ తీసుకుంటాడు. సరిపోతే నీది తెరుస్తాం."

"ఎప్పుడొస్తాడండీ?"

"వరసలో వస్తాడు."

"అవ్వ సంగతి?"

"వేలు పడనివాళ్ళ కాగితాలు పై ఆఫీసుకు వెళ్తాయి," అన్నాడు ఆయన. అక్కడి నుంచి ఎప్పుడొస్తాయో చెప్పలేదు. కౌంటరు అమ్మాయి తల ఎత్తకుండా ఆపేసే మీట రెండుసార్లు నొక్కింది, ఒకటి అవ్వకు, ఒకటి ఆమెకు.

దారిలో అవ్వ, "నీకు రాశారా?" అని రెండుసార్లు అడిగింది. చిట్టి వాళ్ళమ్మ ఇల్లు చేరాకే చెప్పింది. అది విని అవ్వ తన వేళ్ళ వైపే చూసుకుంటూ కూర్చుంది. ఎప్పుడూ అరిచే మనిషి, ఆ సాయంత్రం గొంతు అంత తగ్గించి మాట్లాడటం మొదటిసారి విన్నది ఆమె. "నేను నోరు మూసుకుని ఉంటే నాదైనా ఉండేది కాదుటే?"

"ఊరుకో అవ్వా. నువ్వు నా బిడ్డ కోసమేగా అన్నావు."

ఏదో ఒకటి చేయాలని చిట్టి వాళ్ళమ్మ లేచి, కుప్పలోంచి చొక్కా తీసి ఇస్త్రీ పెట్టె మీద చెయ్యి వేసింది. అవ్వ ఆ చేతి మీద ఒక్క దెబ్బ వేసింది.

"ముట్టుకోకు. వేడి తగిలిందంటే నీవి కూడా నాలాగా అయిపోతాయి. వాళ్ళ మనిషి వచ్చేదాకా నీ వేళ్ళు నీవి కావు, పిల్లవి. జాగ్రత్తగా పెట్టుకో."

మర్నాడే పక్క వీధి క్యాంటీనులో గిన్నెలు తోమే మనిషి కావాలని కబురొచ్చింది. అక్కడ మరిగే నీళ్ళల్లో సోడాపొడి వేసి తోముతారు. వారం తిరక్కుండా వేళ్ళ తోలు ఊడుతుందని అందరికీ తెలుసు. వెళ్తే ఆ మనిషి వచ్చేసరికి వేళ్ళు పడవేమోనని భయం, వెళ్ళకపోతే పూట గడవదన్న భయం. చివరికి చేతులకు ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని, మణికట్టు దగ్గర దారంతో కట్టుకుని వెళ్ళింది. మధ్యాహ్నానికి నాలుగు పళ్ళాలు జారి పగిలాయి. "సంచులన్నా విప్పు, ఇంటికన్నా పో," అన్నాడు క్యాంటీను యజమాని. ఆమె సంచుల ముడి మీద పళ్ళు పెట్టి కొంచెం లాగింది. మళ్ళీ వదిలేసింది. ఇంటికి వచ్చేసింది.

అవ్వ డబ్బాలో పిండి అడుగంటింది. జావ పలచనైపోయి, గిన్నె అడుగున పువ్వుల బొమ్మ పైకి కనబడుతోందని చిట్టి సంబరపడింది.

పదకొండో రోజు పొద్దున మెట్ల మీద బూట్ల చప్పుడైంది. చంకలో ఫైలు పెట్టుకున్న మనిషి గుమ్మం ముందు నిలబడ్డాడు. చిట్టి వాళ్ళమ్మ గబగబా చేతులు తుడుచుకుని, రెండు అరచేతులూ ముందుకు చాచి ఎదురువెళ్ళింది.

ఆయన ఆ చేతుల వైపు అయోమయంగా చూశాడు. "మీటరు ఎక్కడుందమ్మా, కరెంటు మీటరు?"

"మెట్ల కింద," అంది.

ఆయన కిందికి దిగిపోయాడు. అవ్వ లోపలి నుంచి, "వచ్చాడా?" అని అరిచింది. ఆమె గుమ్మంలోనే కూర్చుంది. చిట్టి వచ్చి ఒళ్ళో తల పెట్టబోతే మోచేత్తో దగ్గరికి తీసుకుంది. చేతులు మాత్రం మోకాళ్ళ మీద, ఆరబెట్టినట్టు, వెల్లకిలా అలాగే ఉంచుకుంది.